ఆలు పంపగలరు

ఈ ఉదయం మా కోడలు బంగాళాదుంపలు తురుముతూంటే వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. పని ఉండి కాదు, ఈమధ్య నా మోకాళ్ళు నన్ను కూర్చోబెట్టిన చోటనుంచి లేవనివ్వడం లేదు. పిల్ల తురుముని నీళ్ళలో వేసింది, తీసింది, పిండీ పిండనట్టు ఒకసారి నొక్కి గిన్నెలో వెయ్యబోయింది. ఊరుకోలేకపోయాను. "అలాక్కాదమ్మా, గుడ్డలో వేసి మెలిపెట్టి పిండు. దుంపలో నీరుంటే అట్టు పెనాన్ని వదలదు" అన్నాను. "మీకెలా తెల్సండీ ఈ అట్లు? మొన్న వారపత్రికలో పడితే సూసి సేస్తన్నాను" అంది ఆశ్చర్యపోతూ. పత్రికలో పడేదాకా లోకంలో అట్టనేది పుట్టలేదని ఈ కాలపు పిల్లల నమ్మకం. ఈ అట్టు నాకు యాభై ఏళ్ళ పైనుంచీ తెలుసు. తెలియడం అంటే అలా ఇలా కాదు. దీని మూలాన మా మేనత్త కాపురానికి వెళ్ళడం ఏడాదిన్నర ఆగిపోయింది. చివరికి దీని మూలానే వెళ్ళింది. ఆగిపోవడంలో తప్పంతా నాది. ఆ సంగతి మా ఇంట్లో చాలాకాలం ఎవరికీ తెలియదనే అనుకున్నాను.

అప్పటికి బరంపురం ఇంకా మద్రాసువాళ్ళ కిందే ఉండేది. మా నాన్నగారు రెవెన్యూలో చిన్న ఉద్యోగి, నెలలో ఇరవై రోజులు క్యాంపుల్లోనే గడిచిపోయేవి. అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళి, ఒంట్లో బాగులేక రెండేళ్ళు అక్కడే ఉండిపోయింది. ఇంట్లో ఉన్నది ముగ్గురం. మామ్మ, మా మేనత్త, ఎనిమిదేళ్ళ నేను. మామ్మ టెక్కలి వైపు పిల్ల. బరంపురం వచ్చి నలభై ఏళ్ళయినా, ఒడియా అంతా అర్థమవుతున్నా, తాను మాట్లాడేది శుద్ధమైన తెలుగనీ, అందులో ఇతర భాష ఒక్క గింజ కూడా కలవదనీ ఆవిడకో పట్టుదల. పక్కింటి ఒడియా ఆవిడని మేమందరం మౌసి అనేవాళ్ళం. మామ్మ కూడా అనేది, అయితే అది ఒడియా మాటని ఎవరైనా గుర్తు చేస్తే మూతి ముడుచుకునేది. ఊరు తెలుగువాళ్ళదా, ఒడియావాళ్ళదా అని పెద్దలు సభలు పెట్టుకుని అర్జీలు రాసుకుంటున్న రోజులవి. బయట ఎంత వాదించుకున్నా సాయంత్రమయ్యేసరికి గోడ మీదనుంచి చారుగిన్నె ఇటూ, పిండివంట పళ్ళెం అటూ నడుస్తూనే ఉండేవి.

అత్తకి అప్పుడు పదిహేనో, పదహారో. పెళ్ళయి నాలుగేళ్ళయింది. మామయ్యది పాత్రపూర్, ఛత్రపూర్ కచేరీలో గుమాస్తా. కచేరీ వెనకాల రెండు గదుల ఇంట్లో ఒక్కడూ ఉండి ఎవరింట్లోనో భోజనం కుదుర్చుకుని రోజులు గడిపేవాడు. తండ్రి లేడు. పాత్రపూర్‌లో పొలం, పశువులు, పాలేర్లు అన్నీ తల్లే చూసుకునేది. ఆవిణ్ణి మేం పాత్రపూరమ్మ అనేవాళ్ళం. ఆవిడ మాట తిరస్కరించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు, మామయ్య అసలే లేడు. ఆయన మహా నెమ్మదస్తుడు. దీపావళికి కొత్తల్లుడి హోదాలో మా ఇంటికి వస్తే మూడు రోజుల్లో ఆయన నోట నేను విన్నవి పది మాటలు. అందులో రెండు "ఇంకొకటి వెయ్యండి" అన్నవి. అత్త చేసిన బంగాళాదుంప అట్లని గురించి ఆ మాటలు.

ఆ అట్టు అత్త సొంతం. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఒకనాడు ముసురుపట్టి పిండి చాలకపోతే, ఉన్న పిండిలో రెండు దుంపలు తురిమి పడేసింది. అది మా ఇద్దరికీ ఎంత నచ్చిందంటే ఆ తర్వాత పిండి తగ్గుతూ, దుంప పెరుగుతూ వచ్చి, చివరికి పిడికెడు బియ్యప్పిండి మిగిలింది. తురుముడు పీటలు అప్పుడెక్కడివి? కిరసనాయిలు డబ్బా రేకుకి మేకుతో చిల్లులు కొట్టి, ఆ గరుకు వైపున దుంపని రాసేది. దుంపతోపాటు వేళ్ళు కూడా రాసుకునేవి. తురుముని రెండు నీళ్ళలో కడిగి, పాత పంచె ముక్కలో మూట కట్టి, ఒక కొస నేనూ ఒక కొస తనూ పట్టుకుని మెలిపెట్టేవాళ్ళం. మూటలోంచి నీరు కారడం మానేదాకా అత్త వదిలేది కాదు. అందులో అల్లం, పచ్చిమిరప, జీలకర్ర, కరివేపాకు, పిడికెడు బియ్యప్పిండి వేసి కలిపి, కాలిన ఇనప పెనం మీద చేత్తో పలచగా తట్టి, చుట్టూ నువ్వుల నూనె వేసేది. కొసలు ఎర్రబడి లేచినప్పుడు వచ్చే వాసన గోడ దాటి మౌసిని పిలుచుకొచ్చేది. ఇదంతా జరిగేది పెరటి వసారాలో కుంపటి మీద. బంగాళాదుంప సీమనుంచి వచ్చిన దుంప, దానికి మడీ ఆచారం తెలియవని మామ్మ దాన్ని వంటింటి గడప దాటనిచ్చేది కాదు. తాను తినేది కాదు కూడాను. మేం తింటూంటే మాత్రం కుంపటికి దగ్గరలోనే కూర్చుని వత్తులు చేసుకునేది.

కాపురానికి పంపే ముహూర్తం పెట్టుకోవడానికి పాత్రపూరమ్మ రెండెడ్ల బండిలో వచ్చింది. వచ్చిన రోజు ఏకాదశి. ఏకాదశినాడు ఆవిడ అన్నమే కాదు, బియ్యం సోకిన వస్తువేదీ ముట్టదు. భర్త పోయిన నాటినుంచీ ఒక్క ఏకాదశీ తప్పలేదని మామ్మతో రెండుసార్లు చెప్పింది. మామ్మ పాలూ పళ్ళూ సిద్ధం చేసింది. అత్త ఊరుకోవచ్చు కదా. అత్తగారి మెప్పు కోసం తహతహలాడే వయసు. "దుంపే కదమ్మా, బియ్యప్పిండి లేకుండా గోధుమపిండితో ఏస్తాను" అని తల్లిని బతిమాలి ఒప్పించింది. గోధుమపిండి అట్లు మెత్తగా ఉంటాయని నేను పేచీ పెడితే, నాకోసం వేరే గిన్నెలో మామూలుగానే బియ్యప్పిండి కలిపింది. రెండు ఇత్తడి పళ్ళాల్లో రెండు రకాల అట్లూ పెట్టి, పెనం మీదనుంచి కళ్ళు తిప్పకుండానే "ఎడంపక్కది మా అత్తగారికి, కుడిపక్కది నీకు. ముందు ఆవిడకిచ్చిరా" అంది. నేను అత్తకి ఎదురుగా కూర్చుని ఉన్నాను. అత్త ఎడమ నాకు కుడి అవుతుందని బడిలో ఎవరూ చెప్పలేదు. నా ఎడంపక్కనున్న పళ్ళెం భక్తిగా రెండు చేతులా పట్టుకెళ్ళి పాత్రపూరమ్మ ముందు పెట్టాను.

తిరిగొచ్చి నా అట్టు కొరికాను. మెత్తగా, సాగుతూ, గోధుమపిండి వాసన. పరుగున ముందు గదిలోకి వెళ్ళేసరికి ఆవిడ రెండో అట్టు పూర్తి చేసి మూడోది విరుస్తోంది. విరుస్తూంటే కరకరమంది. "ఏటి పిల్లా మీ అత్త సెయ్యి! గోధుమపిండి ఇంత కరకరలాడతాదని నాకు తెలీదు. ఓసారి రమ్మను, ఎలా సేసిందో సెప్పమను" అంది. ఆ ముఖంలో అంత సంతోషం నేనదివరకు చూడలేదు. అత్త తలుపు పక్కకి వచ్చి నిలబడి పళ్ళెం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను నేల చూశాను. అత్త ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే అక్కడితో అయిపోయేది. ఆవిడకి జన్మలో తెలిసేది కాదు. కానీ అత్త అలా ఊరుకోగల మనిషి కాదు. "అపచారం జరిగిపోయిందండీ అత్తగారూ. అందులో బియ్యప్పిండి పడింది. నేనే పొరపడ్డాను" అంది. ఆవిడ చేతిలో ముక్క పళ్ళెంలో పడింది. లేచి నూతి దగ్గరికి వెళ్ళి అరగంటసేపు నోరు పుక్కిలించింది. మామ్మ కాళ్ళ మీద పడినంత పని చేసినా వినలేదు. "పన్నెండేళ్ళ వ్రతం నా కోడలి సేతిలోనే పోవాలా వదినగారూ! ఈ పిల్లని నేను సెప్పీదాకా పంపకండి" అని చెప్పి బండి కట్టించుకుని వెళ్ళిపోయింది.

చెప్పనే లేదు. ఏడాది గడిచింది, ఆపైన ఇంకో ఆరునెలలు గడిచాయి. మామయ్య పండుగలకు రావడం మానేశాడు. రమ్మని నాన్నగారు రాస్తే, ఆఫీసులో రద్దీగా ఉందని రెండు ముక్కలు జవాబు రాశాడు. అత్త కుంపటి వెలిగించడం మానేసింది. చిల్లుల రేకు తుప్పుపట్టింది. ఇచ్ఛాపురం వైపు పాత్రపూరమ్మ కొడుక్కి వేరే సంబంధం చూస్తోందని ఎవరో మామ్మ చెవిన వేశారు. ఆ రోజుల్లో అదేమీ జరగని పని కాదు. మామ్మ ఆ మాట అత్త వినకుండా దాచాననుకుంది. అత్త విననట్టు నటించింది. నేను మాత్రం ఆ ఏడాదిన్నరా ఆ పళ్ళెం కంటబడితే పక్క గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. చెప్పేస్తే బాగుండునని రోజూ అనుకునేదాన్ని, రోజూ భయపడేదాన్ని. అత్త నన్ను ఒక్కనాడు ఆ సంగతి అడగలేదు. నా జడ వెయ్యడం మానలేదు.

వానాకాలంలో ఒక పొద్దున్న ఛత్రపూర్ నుంచి కార్డు వచ్చింది. మామ్మకి చదువు రాదు. అత్తకి వచ్చు గానీ, మొగుడి దస్తూరీ చూసి తలుపు వెనక్కి పోయింది. మూడో తరగతి చదువుతున్న పండితురాల్ని నేనే. అరుగు మీద నిలబడి గొంతెత్తి చదివాను. "గంగాభాగీరథీ సమానులైన అత్తగారికి నమస్కారములు. ఉభయకుశలోపరి. ఇచ్చట మంచి ఆలు దొరకుట లేదు. ఎంత వెదికినను కనబడలేదు. అమ్మ మిక్కిలి ఆత్రపడుచున్నది. కావున తమరు వెంటనే ఆలు పంపగలరు." అంతే, కింద సంతకం.

మామ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "మళ్ళీ సదువు" అంది. మళ్ళీ చదివాను. "మంచి ఆలు దొరకలేదంట! ఎంత ఎతికినా దొరకలేదంట! అంటే ఎతుకుతున్నారన్నమాటే కదే! ఆళ్ళమ్మ ఆత్రపడిపోతందంట!" అని ఒక పక్క ఏడుస్తూ, "దొరక్క, ఉన్న ఆల్నే పంపమన్నాడు. అదీ మంచికేలే" అని ఇంకోపక్క కళ్ళు తుడుచుకుంది. ఏడుపు విని మౌసి గోడ మీదకి తల పెట్టి "కణ హెలా?" అంది, ఏమైందని. కార్డులో మాట చెప్పగానే పకపకా నవ్వింది. "ఆళు మానే బంగాళాదుంప గదా మా! మీ అల్లుడు దుంపలు అడుగుతున్నాడు" అంది. ఒడియాలో ఆ మాటకి అర్థం అదే మరి. మా జిల్లాలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళు సగంమంది ఆ దుంపని అలాగే అంటారు. మామ్మ మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. "పైన తెలుగు, కింద తెలుగు. మజ్జిలో ఒడియా దుంప ఎలా వస్తాది? ఆలంటే పెళ్ళాం. మా నాయన బతికున్నంతకాలం మా యమ్మని 'నా ఆలు' అనే అన్నాడు" అంది. "మీ నాయన టెక్కలి. మీ అల్లుడు పాత్రపూర్" అంది మౌసి. ఊళ్ళో పెద్దలు సభల్లో తేల్చలేకపోయిన తగువు అలా ఒక దుంప రూపంలో మా పెరటి గోడ మీదకి వచ్చి కూర్చుంది.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ, ఆ పూట మా ఇంట్లో ఎవరూ అన్నం సరిగా తినలేదు. పిలిచింది పెళ్ళాన్నయితే, పంపకపోతే ఆ కాపురం ఇక లేనట్టే. పిలిచింది దుంపలనయితే, పిలవని పేరంటానికి పిల్లని తీసుకెళ్ళి గుమ్మంలో నిలబెట్టినట్టు. పాత్రపూరమ్మకి తెలిస్తే నలుగురిలో ఏమంటుందో తలుచుకోవడానికే మామ్మకి భయం. నాన్నగారికి రాసి అడుగుదామంటే ఆయన ఏ అడవుల్లో ఉన్నారో తెలియదు. మామ్మ తలుపు వైపు తిరిగి "నీకేటి తోస్తాదే?" అని అడిగింది. "నాకేటి తెలుసమ్మా. నువ్వెలాగంటే అలాగే" అంది అత్త లోపలినుంచి. సాయంత్రానికి మామ్మే ఒక నిర్ణయానికొచ్చింది. "రెండూ పట్టుకెల్దాం. దుంపలకే రాసుంటే, బరువని పిల్ల సాయమొచ్చిందని సెప్పి, దుంపలు దించేసి దాన్ని తీసుకొచ్చేద్దాం. పిల్లకే రాసుంటే పిల్లని దించేసి వచ్చేద్దాం. పెట్టె మాత్రం వద్దు. పెట్టె సూస్తే సిగ్గులేనోళ్ళు కట్టుబట్టలతో సహా దిగిపోయేరనుకుంటారు" అంది.

మర్నాడే పెద్దబజారునుంచి అయిదు వీశెల దుంపలు తెప్పించి, మంచివి ఏరి వెదురుబుట్టలో సర్దే పని అత్తకి అప్పజెప్పింది. అత్త బుట్ట నింపి పైన గోనెపట్టా వేసి చుట్టూ దబ్బనంతో కుట్టేసింది. ఆవేళ కట్టుకున్నది కూడా ఇంట్లో కట్టుకునే నేత చీరే, మామ్మ చెప్పినట్టు. జట్కావాడు బుట్ట ఎత్తుతూ "అయిదు వీశెలంటే ఇంత బరువేటి తల్లీ?" అని గొణిగాడు. "కొత్త దుంప, నీరెక్కువ" అంది మామ్మ తనకి తెలిసినట్టు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని నేను మొగలిపొదలు లెక్కపెట్టుకుంటూ పోయాను. ఛత్రపూర్ దగ్గరపడేకొద్దీ ఆ పూల వాసనా, సముద్రపు గాలీ కలిసి పెట్టెలోకి వస్తూంటే, మామ్మ నా చెవిలో "అల్లుడు ముందు దేన్ని సూస్తాడో కనిపెట్టు" అంది. అత్త ఒక చెయ్యి బుట్ట మీదే వేసి కూర్చుంది. దారి పొడుగునా తియ్యలేదు.

మామయ్య గుమ్మంలోనే ఉన్నాడు. మసిబట్టిన పెనాన్ని ఇటుకముక్కతో గీకుతున్నాడు. జట్కా ఆగగానే లేచాడు. నేను కళ్ళార్పకుండా చూశాను. ఆయన చూపు మొట్టమొదట పడింది బుట్ట మీదే. మొహం ఇంత చేసుకుని "వచ్చేయా!" అన్నాడు. వచ్చారా అనలేదు, వచ్చిందా అనలేదు. ఆ ఒక్క మాటతో మామ్మ మొహం వాడిపోయింది. తెలుగు మీద ఆవిడకున్న అభిమానమంతా ఆ క్షణాన ఆవిడకే శత్రువైంది. అప్పుడు మామయ్య బుట్ట వెనకాల నిలబడ్డ అత్తని చూశాడు. చేతిలో పెనం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ముందు మెట్టు మీద పెట్టాడు, మళ్ళీ తీశాడు. చివరికి దాన్ని చంకలో పెట్టుకుని కాళ్ళకి నీళ్ళు తేవడానికి లోపలికి పరుగెత్తాడు.

లోపల మంచం మీద పాత్రపూరమ్మ ఉంది. చలిజ్వరంతో నెలరోజులు మంచాన పడితే, ఇక్కడ డాక్టరుకి చూపించడానికి కొడుకు తీసుకొచ్చాడట. అంత మనిషీ సగమైపోయింది. మామయ్య గొంతు సవరించుకుని, జీవితంలో అతి పొడవైన ఉపన్యాసం ఇచ్చాడు. "అమ్మకి నోరు సవి లేదండీ అత్తగారూ. ఏటి పెట్టినా తోసేస్తంది. ఆ ఆలు అట్టు తినాలనుందంది. ఇక్కడ బజార్లో అన్నీ కుళ్ళిపోయిన ఆలే. నేనోసారి వేసేను, పెనానికి అంటుకుపోయింది. అందుకని..." మంచం మీదనుంచి "నేనెప్పుడడిగేన్రా?" అని నీరసంగా వినిపించింది. మామ్మ చెప్పాలని తయారు చేసుకున్న మాటలు గబగబా అప్పజెప్పేసింది. బుట్ట బరువనీ, పిల్ల సాయానికొచ్చిందనీ, మధ్యాహ్నం బండికి ముగ్గురం వెళ్ళిపోతామనీ. అత్త వంగి, బుట్ట కుట్లు విప్పి, దుంపలని నేలమీదకి ఒంపింది.

దుంపలు గదంతా దొర్లాయి. వాటి వెనకాల మట్టికొట్టుకుపోయిన ఓ మూట జారిపడి విడిపోయింది. రెండు నేత చీరలు, పెళ్ళినాటి బరంపురం పట్టుచీర, దువ్వెన, వెండి కుంకుమభరిణె. భరిణె దొర్లుకుంటూ వెళ్ళి మంచం కోడుకి తగిలి ఆగింది. మామ్మ నిర్ఘాంతపోయింది. నా వైపు చూసింది. నేను కాదని తల ఊపాను. నా మనసులో ఆ ఏడాదిన్నరగా కుళ్ళుతున్న మాట నాలుక చివరికొచ్చింది. పళ్ళెం నేనే మార్చానని చెప్పెయ్యడానికి నోరు తెరిచాను. అత్త నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. పాత్రపూరమ్మ ప్రయాసపడి కిందకి వంగి, భరిణె తీసుకుని, కొంగుతో మట్టి తుడిచింది.

"ఈ కోకలేటి పిల్లా? దుంపల్లోంచి మొలిసేయా?" అంది.

ఆవిడ అత్తని చాలాసేపు చూసింది. "ఆవేళ నువ్వు నోరు మూసుకుని ఊరుకుంటే నాకు తెలిసీదే కాదు. ఏడాదిన్నర నుంచీ నాకదే తిరుగుతంది బుర్రలో. తప్పు సేసినోల్లు ఎవరూ అలా సెప్పరు" అంది. భరిణె అత్త చేతిలో పెట్టింది. తర్వాత కొడుకు వైపు తిరిగి "ఇయాల తిథేట్రా?" అని అడిగింది. మామయ్య ఉలిక్కిపడి "సప్తమమ్మా" అన్నాడు. "అయితే బియ్యప్పిండి ఎయ్యి పిల్లా. ఆ గోధుమపిండి అట్టెవరు తింటారు" అంది.

మధ్యాహ్నం బండికి మామ్మా, నేనూ మాత్రమే తిరిగొచ్చాం. ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని మామ్మ దారంతా ఒకసారి నవ్వుతూ, ఒకసారి కళ్ళొత్తుకుంటూ కూర్చుంది. "దుంపలకే రాసేడే ఎర్రిబాగులోడు" అంది చివరికి. ఆ మూట మాత్రం, బుట్ట కుట్టకముందు అత్త చూడకుండా మామ్మే పెట్టి, అక్కడ ఏమీ తెలియనట్టు నటించిందని నేను అనుకున్నాను. నేను పెద్దదాన్నయ్యాక, మామ్మ పోయాక కూడా అలాగే అనుకున్నాను. పాత్రపూరమ్మ ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది. పాత్రపూర్‌లో కన్నా కోడలి దగ్గరే ఎక్కువగా ఉండేది. జిల్లా ఒడిశాలో కలిసింది, కచేరీలో దొరలు మారారు, మామయ్య ఒడియాలో దస్త్రాలు రాయడం నేర్చుకుని పెద్ద గుమాస్తా అయి, పెన్షను పుచ్చుకుని, ఒక వేసవిలో ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా వెళ్ళిపోయాడు.

ఆయన పోయిన ఏడాది ఛత్రపూర్ వెళ్ళి అత్త దగ్గర నాలుగు రోజులున్నాను. ఇద్దరం చేటల్లో బియ్యం ఏరుకుంటున్నాం. నాకప్పటికి నలభై ఎనిమిదేళ్ళు, మనవలు పుట్టే వయసు. అయినా చేటలోంచి చూపెత్తకుండానే చెప్పాను. "అత్తా, ఆవేళ ఏకాదశినాడు పళ్ళెం మార్చింది నేను" అన్నాను. అత్త చేట ఆపకుండానే "తెల్సు కదే. నీ మొహం సూసినప్పుడే తెల్సింది" అంది. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఎనిమిదేళ్ళ పిల్లని పట్టిచ్చేసి నేను కాపురానికెల్లాలా?" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆ వయసులో అత్త ముందు ఏడవడానికి సిగ్గేసింది కూడా. ఆవిడ నా కళ్ళు తుడిచి, నవ్వి, "నువ్వు సెప్పేవు కాబట్టి నేనూ ఒకటి సెప్తాను. ఆ కోకలు బుట్టలో పెట్టింది మీ మామ్మ కాదు, నేను" అంది.

అప్పుడు కూడా నాకు తట్టలేదు. "మామయ్య నిన్నే రమ్మన్నాడనుకుని పెట్టుకున్నావేమో పాపం" అన్నాను. అత్త చేట కింద పెట్టింది. "ఏటే అనుకోడం? నువ్వు అరుగు మీద సదువుతుంటేనే తెల్సు నాకు, దుంపలకే రాసేడని. దీపావళికొచ్చినప్పుడు మూడు రోజులూ నాతో 'ఆలు అట్టు, ఆలు అట్టు' అనే కదా తిన్నాడు. నన్ను సచ్చీదాకా 'ఇదిగో' అన్నాడు తప్ప ఆలని ఏనాడైనా అన్నాడా? మౌసి సెప్పింది నిజమని నేను సెప్పేస్తే, మీ మామ్మ ఆ దుంపలు ఎవరిచేతో పంపించేసి ఊరుకునీది. మళ్ళీ అలాటి కార్డు ఎప్పుడొస్తాది? అందుకని నాకేటి తెలుసన్నాను" అంది. అని మళ్ళీ చేట తీసుకుని రాళ్ళు ఏరడంలో పడింది.

ఒకరి వ్రతం చెడిందని, తన కాపురం పోతుందని తెలిసీ నిజం చెప్పిన పిల్ల, ఏడాదిన్నర తర్వాత ఆ కాపురం కోసం నోరు మూసుకుని, రాని పిలుపు పట్టుకుని, బుట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది. నేను పక్కన కూర్చుని మొగలిపొదలు లెక్కపెట్టుకున్నాను. బరంపురం నుంచి ఛత్రపూర్‌కి రైలు గంటలోపే చేరుస్తుంది. ఆ రోజు ఆ రైల్లో అత్త ఎంత దూరం ప్రయాణం చేసిందో నాకు తెలియడానికి మాత్రం ముప్ఫై ఎనిమిదేళ్ళు పట్టింది.